నాలుగో వేలు

ఎస్తేరు టీచరుగారు పోయారని కొత్తపేట నుంచి ఫోను వచ్చినప్పుడు నేను పొయ్యి మీద పాలు పెట్టి నిలబడి ఉన్నాను. తొంభై దాటిన మనిషి, రెండు నెలలుగా మంచం మీదే ఉన్నారు, అనుకోని వార్తేమీ కాదు. అయినా పాలు పొంగి మంట ఆరిపోయేదాకా అక్కడే ఉండిపోయాను. తర్వాత ముమ్మిడివరంలో ఉన్న మా సుభద్ర అక్కయ్యకి ఫోను చేశాను. "టీచరుగారు పోయేరే. రేపు పదకొండింటికి తీసుకెళ్తారట. వస్తావా?" అన్నాను. "నాకేం పని అక్కడ? నా వేలు తినేసిన మనిషి ఆవిడ. నీకు గురువు, నువ్వెళ్ళు," అంది అక్కయ్య, కోపమేమీ లేకుండా. ఆ క్షణంలో నేను చెప్పవలసిన మాట ఒకటి ఉంది. యాభై ఏళ్ళు దాటిన మాటని ఫోనులో ఎలా చెబుతానని నాకు నేనే సర్దిచెప్పుకుని, అమలాపురంలో బస్సెక్కి ఒక్కదాన్నే వెళ్ళి వచ్చాను. వచ్చిన దగ్గర్నుంచి ఆ రోజులు నన్ను వదలడం లేదు. రాస్తే వదులుతాయన్న నమ్మకం లేదు గాని, రాయకపోతే వదలవని మాత్రం తెలుసు.

మాది కొత్తపేటకి మైలున్నర దూరంలో కాలవ గట్టు పక్క ఊరు. నాన్నగారు వేదం చెప్పేవారు. పొద్దున్నే వీధరుగు మీద శిష్యులు వరసగా కూర్చునేవారు. నాన్నగారు ఒకసారి అంటే వాళ్ళు రెండుసార్లు అనాలి. అదే సంథ. మధ్యలో ఎవరైనా తప్పితే తప్పిన చోటినుంచి కాదు, మొదటినుంచి. ఇన్నిసార్లని లెక్క పెట్టుకున్నాక ఆ లెక్క పూర్తయ్యేదాకా లేవకూడదు. జ్వరం వచ్చినా, కాలు తిమ్మిరెక్కినా అంతే. మేం ఆడపిల్లలం కనక మాకు ఆ చదువు లేదు గాని, ఆ పద్ధతి మాత్రం మా ఒంట్లోకీ ఎక్కింది. అప్పడాల పిండి దంచినా, ఎక్కాలు చదివినా మా ఇంట్లో లెక్క ప్రకారమే జరిగేది. ఇల్లంతా ఆవకాయ నూనె వాసన, తడి మడిబట్టల వాసన, నాన్నగారి విభూతి వాసన. ఆ వాసనల మధ్యకి పియానో ఎలా వచ్చిందని ఇప్పటికీ నన్ను అడుగుతుంటారు.

అక్కయ్య చదివిన ఆడపిల్లల స్కూల్లో ఎస్తేరు టీచరుగారు ఇంగ్లీషూ పాటలూ చెప్పేవారు. చర్చి వెనక పెంకుటింట్లో ఉండేవారు. తన దేశం వెళ్ళిపోతూ ఒక దొరసాని వదిలిపెట్టిన పియానో ఆవిడ ముందుగదిలో ఉండేది. మా వైపు గాలికి దాని తీగెలు తుప్పు పట్టకుండా లోపల చిన్న బల్బు ఒకటి పగలూ రాత్రీ వెలిగించి ఉంచేవారు. మూత తీస్తే కలరా ఉండల వాసనా, వేడెక్కిన కర్ర వాసనా కలిసి వచ్చేవి. స్కూల్లో ఒకసారి విన్న పాటని అక్కయ్య ఆ పియానో మీద రెండు చేతులతో వెతుక్కుని వాయించేసిందట. టీచరుగారు స్వయంగా మా వీధి దాకా వచ్చి, అరుగు మెట్టు ఎక్కకుండా కింద నిలబడి, "అమ్మాయిగారికి నేర్పుతానండి, సెలవిప్పించండి," అన్నారు. నాన్నగారు కాసేపు ఆలోచించారు. "గురువు చెప్పినట్టు చెయ్యాలి. మధ్యలో మానడం ఉండకూడదు. అలాగైతే పంపుతాను," అన్నారు. "ఆయ్, అలాగేనండి అవధానిగారూ," అన్నారు టీచరుగారు. మామ్మ పెట్టిన షరతు వేరు. క్లాసు నుంచి వచ్చాక నూతి దగ్గర స్నానం చేస్తే గాని ఇంట్లోకి రాకూడదు. తోడుకి నన్ను పంపించారు, టీచరుగారు నాకూ పక్కన కూర్చోబెట్టి చెప్పేవారు. అప్పటికి అక్కయ్యకి పదకొండేళ్ళు, నాకు ఏడు.

పాటని కాగితం మీద రాయడం ఎలాగో, దాన్ని చూసి చదవడం ఎలాగో నేర్చుకోవడానికే మాకు ఏడాది పట్టింది. అయిదు గీతలు, నాలుగు సందులు. గీత మీద కూర్చున్న చుక్క ఒక స్వరం, సందులో కూర్చున్నది ఇంకొకటి. పైకి ఎక్కిన కొద్దీ స్వరం ఎక్కుతుంది. తెల్లగా ఉన్న చుక్కకి ఎక్కువ సేపు ఆగాలి, నల్లదానికి తక్కువ సేపు. టీచరుగారి పుస్తకం ఇంటికి తెచ్చుకోవడానికి లేదు కనక అక్కయ్య పెరటి వరండాలో ముగ్గుపిండితో అయిదు గీతలు గీసి, తెల్ల చుక్కలకి గవ్వలూ నల్ల చుక్కలకి చింతగింజలూ పేర్చేది. నేను పేరుస్తుంటే తను చదవాలి, తను పేరుస్తుంటే నేను చదవాలి. నాకు అందులో తప్పులు వచ్చేవి కావు. "ముగ్గు లేకుండా ఉత్త గీతలేవిటే ఇంట్లో? శకునం బాగాలేదు," అనేది మామ్మ, తడిగుడ్డతో తుడిచేస్తూ. "గింజలున్నాయిగా మామ్మా," అని అక్కయ్య నవ్వేది. ఆ నవ్వు నాకు బాగా గుర్తు, ఎందుకంటే తర్వాత తర్వాత దాన్ని తక్కువగా విన్నాను.

ఇంట్లో పియానో లేదు. అందుకని వడ్రంగి చేత మామిడి పలక ఒకటి చేయించి, దానిమీద సున్నంతో తెల్ల మెట్లూ బొగ్గు మసితో నల్ల మెట్లూ వేసుకున్నాం. అక్కయ్య సాధన అంతా ఆ పలక మీదే. దానికి ధ్వని లేదు. వేళ్ళు చెక్కకి తగిలిన టకటక శబ్దం తప్ప ఇంకేమీ వినపడదు. పాట ఆమె తలలో నడుస్తుండాలి. టీచరుగారి పద్ధతి నిదానమైనది. ముందు కుడి చెయ్యి, తర్వాత ఎడమ చెయ్యి, ఆ తర్వాతే రెండూ. అయిదు గీతల్నీ నిలువు గీతలు గదులుగా విడదీస్తాయి, అలాంటి రెండు గదుల పాట తీసుకుని, నడకలో నడిచినంత నెమ్మదిగా, తప్పు లేకుండా వచ్చేదాకా. బొటనవేలు ఒకటి, చిటికెనవేలు అయిదు. ప్రతి చుక్క కిందా ఏ వేలితో కొట్టాలో అంకె వేసిచ్చేవారు. అన్నింటిలోకీ చేతకానిది నాలుగో వేలు, ఉంగరపు వేలు. మూడో వేలో అయిదో వేలో లేస్తే తప్ప అది తనంతట తాను లేవదు. "దానిది బద్ధకం కాదమ్మా, దాన్ని దేవుడే పక్కవాటితో కలిపి కట్టేడు. మనం మెల్లిగా విడదీసుకోవాలి," అనేవారు టీచరుగారు.

ఆ విడదీయడానికి ఆవిడ చెప్పిన ఉపాయం ఒకటుంది. మూడో వేలినీ అయిదో వేలినీ మెత్తటి గుడ్డ పీలికతో కదలకుండా కట్టి, నాలుగో వేలిని మాత్రం ఎత్తి దించాలి. రోజుకి పది నిమిషాలు. మా ఇంట్లో గడియారం నాన్నగారి గదిలో ఉండేది, అందులోకి మేం ఊరికే వెళ్ళకూడదు. నిమిషాలు మాకు తెలియవు, లెక్క తెలుసు. పది నిమిషాలంటే ఎన్నిసార్లే అని అక్కయ్య అడిగితే, నూటెనిమిది పెట్టుకుందాం అన్నాను నేను. అన్నది నేనే. మధ్యలో వేలు తప్పితే మొదటినుంచి. నాన్నగారు అటుగా వెళ్తూ విని, "అదీ సాధనంటే," అన్నారు. ఆయన మమ్మల్ని మెచ్చుకోవడం చాలా అరుదు. ఆ తర్వాత నూటెనిమిది పొద్దున్న ఒకసారి, సాయంత్రం ఒకసారి అయింది. చెమటకి గుడ్డ పీలిక జారిపోతోందని అక్కయ్య సన్నటి కొబ్బరి పీచు తాడు తెచ్చింది. పలకకి రెండు చిల్లులు పెట్టించి, తాడు వాటిలోంచి దూర్చి రెండు వేళ్ళనీ చెక్కకి బిగించడం నా పని. "ఇంకా బిగించవే, వదులుగా ఉంది," అనేది. బిగించేదాన్ని. ధ్వని రాని చెక్క కనక గట్టిగా కొడితేనే కొట్టినట్టుండేది ఆమెకి. నేను వేలి కణుపుల మీద లెక్క పెడుతూ ఎదురుగా కూర్చునేదాన్ని.

ఇది అక్కయ్యకి పదిహేడో ఏట సంగతి. లండను వాళ్ళు విశాఖపట్నంలో పెట్టే పియానో పరీక్షలో పెద్ద గ్రేడుకి ఆమె ఫీజు కట్టింది. అది పాసయితే వేరే ఊళ్ళో ఒక బడిలో పిల్లలకి పియానో నేర్పే ఉద్యోగం ఇప్పిస్తానని టీచరుగారు మాటిచ్చారు. మా ఇంట్లోంచి ఒక ఆడపిల్ల తన వేళ్ళతో బతకడం అన్నది అప్పటిదాకా ఎవరి ఊహకీ అందని విషయం. అక్కయ్య ఆ ఉద్యోగం గురించి పైకి మాట్లాడేది కాదు. కాలవ గట్టు మీద నడుస్తూ, "అక్కడ నాకో గది ఇస్తారటే. గదిలో పియానో ఉంటుందట," అని ఒక్కసారి నాతో అంది.

వేలికి ఏదో అవుతోందని ముందు ముగ్గు చెప్పింది. అక్కయ్య వేసే ముగ్గు గీత దారం పోసినట్టుండేది. ఆ మాఘమాసంలో ఒక రోజు గీత వణికింది. "ఏవిటే, పిండి తడిసిందా?" అంది అమ్మ. తర్వాత అన్నం. ముద్ద కలిపి నోటికి తీసుకెళ్తుంటే మెతుకులు వేళ్ళ సందులోంచి రాలిపోయేవి. ఉంగరపు వేలు మిగతావాటితో కలవకుండా విడిగా నిలబడేది. మామ్మ కొంచెంసేపు చూసి, "చిన్నపిల్లలా ఏం తిండే అది," అని మందలించింది. తర్వాత జడ. నా జడ అల్లుతూ పాయ జార్చేసి, మళ్ళీ తీసుకుని, మళ్ళీ జార్చేసింది. వేలు తిమ్మిరిగా ఉంటోందా అని అడిగాను. "సాధన పడుతోందన్నమాట," అంది. అలాగే అనుకున్నాను నేను కూడా. నొప్పి అంటే పని జరుగుతోందనే మాకు తెలుసు. ఇంట్లో అందరూ చూశారు, చూసిందేమిటో ఎవరూ గ్రహించలేదు. చెక్క మీద టకటక శబ్దం మాత్రం రోజూ పెరట్లోంచి వినపడేది.

ఇంకా నెల్లాళ్ళలో పరీక్ష అనగా అక్కయ్య మూడు రోజులు బయటుంది. ఆ రోజుల్లో ఇల్లు దాటకూడదు, ఎవర్నీ ముట్టుకోకూడదు. క్లాసుకి నేనొక్కదాన్నే వెళ్ళాను. నేనూ మొదటి గ్రేడు పరీక్షకి వెళ్ళాలని ఏడాదిగా పట్టుబట్టి ఉన్నాను. ఆ రోజు నా పాఠం వాయించాను. టీచరుగారు విని, "నీకు చెవి మంచిదమ్మా. చెయ్యి ఇంకా కుదర్లేదు. ఈ ఏడు వద్దు, అక్కయ్యకి పేజీలు తిప్పుదువుగాని," అన్నారు. పదమూడేళ్ళ పిల్లకి ఆ మాట ఎంత మంటో ఇప్పుడు రాస్తుంటే కూడా తెలుస్తోంది. కళ్ళనీళ్ళు కనపడకుండా గేటు దాకా వచ్చేశాను. వెనకనుంచి పిలిచారు.

"కామేశ్వరీ, ఇలా రామ్మా. మొన్న అక్కయ్య వాయిస్తూంటే నాలుగో వేలు లోపలికి ముడుచుకుపోతోంది. ఇంటిదగ్గర ఎంతసేపు కడుతున్నారు?"

"పూటకి నూటెనిమిదిసార్లండి. పీచు తాడుతో," అన్నాను.

ఆవిడ ముఖం పాలిపోయింది. "పీచు తాడా? గుడ్డ పీలికతో పది నిమిషాలు కదమ్మా నేను చెప్పేను. చూడు, ఇంటికెళ్ళగానే చెప్పు. తాడు తీసి పారెయ్యమను. నెల్లాళ్ళు ఆ చెయ్యి దేనికీ వాడొద్దను. పరీక్ష పోతే వచ్చే ఏడొస్తుంది, వేలు పోతే రాదు. నేనే వచ్చి చెబుదును గాని, అరుగు కింద నిలబడి నాన్నగారితో మీ సాధన తప్పండీ అని ఎలా అనగలను? కాగితం మీద రాసిమ్మంటావా?"

"అక్కర్లేదండి, చెబుతాను," అన్నాను.

ఇంటికి వచ్చేసరికి అక్కయ్య పెరటి వరండా చివర చాప మీద కూర్చుని ఉంది. "టీచరుగారేవన్నారే?" అని అడిగింది. నాకు పరీక్ష లేదు, ఈమెకి పేజీలు తిప్పాలి అన్నది ఒక్కటే నా బుర్రలో తిరుగుతోంది. "ఏవీ అన్లేదు," అన్నాను. మూడో రోజు తలస్నానం అయ్యాక చెబుదాం అనుకున్నాను. ఆ రోజు అక్కయ్య తడిజుట్టుతోనే పలక ముందు కూర్చుని, తాడు నా చేతికిచ్చింది. అప్పుడు చెబితే మూడు రోజులు ఎందుకు చెప్పలేదని అడుగుతుంది. నాన్నగారికి తెలుస్తుంది. కట్టాను. కట్టిన ప్రతి రోజూ చెప్పడం ఇంకొంచెం కష్టమైపోయింది. ఇంతకంటే గొప్ప కారణమేదీ లేదు, ఎన్ని ఏళ్ళు వెతికినా దొరకలేదు.

తర్వాతి క్లాసులో టీచరుగారు అక్కయ్య చెయ్యి పట్టుకుని తాడు ఒరిపిడికి ఎర్రబడ్డ చోట్లు చూశారు. "ఇంకా కడుతున్నావా?" అన్నారు. "ఆయ్, కడుతున్నానండి," అంది అక్కయ్య, మెప్పు కోసం చూస్తూ. ఆవిడ చాలాసేపు ఆ చెయ్యి వదల్లేదు. "మరి నీ ఇష్టమమ్మా," అని వదిలేశారు. నేను కిటికీలోంచి కొబ్బరిచెట్ల కేసి చూస్తున్నాను. ఆ ఒక్క మాటని అక్కయ్య జీవితమంతా పట్టుకుంది.

పరీక్షకి వారం ముందు చర్చి హాల్లో స్కూలు టీచర్ల ముందు అక్కయ్య చేత వాయించారు. నేను పక్కన నిలబడి పేజీలు తిప్పుతున్నాను. రెండో పేజీ చివర నాలుగో వేలితో వరసగా కొట్టవలసిన చోటు ఒకటుంది. నేను కాగితం మీద చుక్కలు చదువుకుంటూ సరిగ్గా లెక్కకి పేజీ తిప్పేశాను. పాట మాత్రం అక్కడికి రాలేదు. చూస్తే ఆ వేలు అరచేతిలోకి ముడుచుకుని ఉంది. అక్కయ్య ఎడమచేత్తో దాన్ని లేపి మెట్టు మీద పెట్టింది. మళ్ళీ ముడుచుకుంది. మళ్ళీ లేపి పెట్టింది. మూడోసారి తను చెయ్యి తీసి ఒళ్ళో పెట్టుకుని, నా వైపు తిరిగి, "తిప్పేసేవేవే, నేనింకా అక్కడికి రాలేదు," అంది.

రాజమండ్రి డాక్టరు చూశాడు, నాటువైద్యం చేయించారు, కొబ్బరినూనెలో ఏవో ఆకులు కాచి మర్దనా చేశారు. వేలు తిరిగి రాలేదు. పలకని అమ్మ పొయ్యిలో పెట్టేసింది. నాన్నగారు ఆ సంగతి ఇంకెప్పుడూ ఎత్తలేదు, కాని శిష్యుల్ని మొదటినుంచి చదవమనేటప్పుడు ఆయన గొంతులో మునుపటి దిటవు ఉండేది కాదు. అక్కయ్య లెక్కలు చదివి ముమ్మిడివరంలో టీచరైంది. పియానో ఉన్న గది ఆమెకి దొరకలేదు. సంగీతం వస్తున్న ఇంటి ముందు నుంచి కూడా గబగబా నడిచి వెళ్ళిపోతుంది. "చూసి కూడా నీ ఇష్టమమ్మా అన్నారు. ఒక్కమాట మానెయ్యమని ఉంటే మానేదాన్ని కదే," అని ఎన్నిసార్లందో లెక్క లేదు. నేను మాత్రం టీచరుగారి దగ్గరికి వెళ్తూనే ఉన్నాను. కుదరదన్న నా చెయ్యి మెల్లిగా కుదిరింది. అమలాపురంలో ముప్ఫై ఏళ్ళుగా పిల్లలకి కీబోర్డూ పియానో చెబుతున్నాను. ఏటా క్రిస్మసుకి వెళ్తే ఆవిడ కేకు పెట్టి, "మీ అక్కయ్యది మరీ పట్టుదలమ్మా. ఎలా ఉంది?" అని అడిగేవారు. బాగుందండి అని చెప్పి కేకు తినేదాన్ని.

ఇప్పటి పిల్లల కీబోర్డు మెట్లు ఊదితే దిగేటంత తేలిక. ఏది నొక్కాలో ఫోనులో దీపాలు వెలిగి చూపిస్తాయి. వేలు కొంచెం లాగితే పిల్ల కంటే ముందు తల్లి లేచి నిలబడుతుంది. పది నిమిషాలు కాగానే గంట మోగుతుంది. నేను చెప్పదలుచుకున్నది సాయంత్రానికి తల్లి ఫోనుకి చేరిపోతుంది, మధ్యలో మనిషి అక్కర్లేదు. వీళ్ళకి అయిదు గీతలు చదవడం సరిగ్గా రాదు, మా పట్టుదలలో పదో వంతు లేదు. ఆ రోజులే రోజులనే మా వయసువాళ్ళ దగ్గర నేను నోరు విప్పను. మా పట్టుదలకి ఏం ముట్టిందో చూశాను. నొప్పి అంటే ఆపెయ్యాలన్నది నా దగ్గర మొదటి పాఠం. చుక్కలూ గీతలూ దాని తర్వాతే.

టీచరుగారి అంత్యక్రియలై ఇరవై రోజులు గడిచాక ముమ్మిడివరం వెళ్ళాను. మధ్యాహ్నం భోజనాలయ్యాక అక్కయ్య చేటలో కందిపప్పు పోసుకుని రాళ్ళు ఏరుతోంది. ముడుచుకున్న వేలు అలాగే ఉంది, మిగతా వేళ్ళు దాన్ని తప్పించుకుని పని చేసుకుపోతున్నాయి. ఎదురుగా కూర్చుని అంతా చెప్పాను. టీచరుగారు గేటు దగ్గర నన్ను పిలవడం, తాడు పారెయ్యమనడం, కాగితం మీద రాసిస్తాననడం, అన్నీ. "నేను నీకు చెప్పలేదే అక్కయ్యా," అన్నాను. అక్కయ్య తల ఎత్తలేదు. చేట చివరిదాకా ఏరింది.

"తర్వాత ఆవిడ నిన్ను అడగలేదా, చెప్పేవా అని?" అంది.

ఈ ప్రశ్న వస్తుందని నాకు తెలుసు. ఇన్నేళ్ళూ నేను భయపడింది దీనికే.

"అడిగేరు. ఆ తర్వాతి క్లాసుకి వెళ్ళినప్పుడు, నువ్వు చెప్పులు విప్పుకుంటూంటే."

"ఏవన్నావు?"

"చెప్పేనన్నాను."

చేట కింద పెట్టింది. "అందుకన్నమాట నీ ఇష్టమమ్మా అన్నది," అంది. ఆ తర్వాత, "నేను విని కూడా మానలేదనుకున్నారు. ఆవిడ మాట లెక్కచెయ్యలేదనుకుంటూనే పోయేరు," అంది. నేను ఏడుస్తున్నాను. అక్కయ్య ఏడవలేదు. "మొన్న ఫోన్లో నేను రానన్నప్పుడైనా చెప్పొచ్చు కదే. ముఖమైనా చూసేదాన్ని," అంది.

లోపలికి వెళ్ళి చీర మార్చుకుని వచ్చింది. "ఎక్కడ పెట్టేరు ఆవిణ్ణి?" అంది. కొత్తపేటలోనే, చర్చి స్థలంలో అన్నాను. ఎండగా ఉంది, రేపు వెళ్దాం అంటే వినిపించుకోలేదు. తలుపుకి తాళం వేసి నడుస్తుంటే వెనకే వెళ్ళాను. అమలాపురంలో బస్సు మారాం. అక్కయ్య ముందు సీటులో కిటికీ పక్కన కూర్చుని, సంచీ తీసి పక్క సీటులో పెట్టింది. నేను ఆ సీటు దగ్గరే కడ్డీ పట్టుకుని నిలబడ్డాను. కండక్టరు వచ్చి మా ఇద్దరి ముఖాలూ చూశాడు. ఒక్క పోలికే మాది.

"ఇద్దరాండీ?" అన్నాడు.

"ఒక్కదాన్నేనండి, కొత్తపేట," అంది అక్కయ్య.